ఏడాది నాటి ఎర్ర సీసా

కార్ఖానా అనే పేటలో మేం అద్దెకున్న ఇంటికి కింద ఒక గది ఉండేది. ఒకప్పుడు ఇంటాయన అందులో తన పాత కారు నిలిపేవాడు. సాఫ్ట్‌వేర్ గాలి ఊళ్ళోకి వచ్చాక కారు అమ్మేసి, గదిని కంప్యూటర్ కోర్సులు చెప్పేవాళ్ళకి అద్దెకిచ్చాడు. పొద్దున టిఫిన్ వేళకే మా మెట్ల పక్కన చెప్పుల గుట్ట తయారయ్యేది. ఆ చెప్పులు దాటుకుంటూ నేను పత్రికాఫీసుకి, మా ఆయన బ్యాంకుకి, మా ఆడపడుచు తన ప్రయోగశాలకి వెళ్ళేవాళ్ళం.

మా ఆడపడుచు రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసింది. చదువు కోసం విజయనగరం నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. కంటికి ఆననంత సన్నటి బంగారు రేణువులను నీళ్ళలో తయారు చేయడం ఆమె పని. వాటినే నానో రేణువులంటారు. ఆ రోజుల్లో నానో అన్న మాటకి గిరాకీ అంతా ఇంతా కాదు. ఏళ్ళ తరబడి గోడ సున్నాల మీద, రంగుల మీద పనిచేసినవాళ్ళు కూడా తమ ప్రాజెక్టు పేరుకు ముందు ఆ మాట తగిలించుకున్నారు. దాని పేరు మీద భవనాలు లేచాయి, యంత్రాలు దిగాయి. పనిచేసేవాళ్ళకి మాత్రం పర్మినెంటు ఉద్యోగాలు రాలేదు. మా ఆడపడుచుది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. మార్చి నెల వచ్చిందంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఇంటాయన మంచివాడే. మెట్ల దగ్గర కనపడినప్పుడల్లా ఆమెను ఆపేవాడు.

"ఏందమ్మా, ఇంకెన్నేండ్లు గా బంగారం నీళ్ళల్ల కలుపుతవ్? జెర కింది గదిల కూసో, కోర్సు నేర్వు. మా తమ్ముని కొడుకు గిట్ల నేర్చిండు, గట్ల నౌకరి పట్టిండు. నీ అసొంటి చదువుకున్నామెకు ఏం తక్లీఫ్?"

"మీ ఇంట్లో బంగారం ఉంటే తెండి అంకుల్, ముందు అది కలిపి చూపిస్తాను."

"అరె, నా ఇంటిదానికి తెలిస్తే నన్నే నీళ్ళల్ల కలుపుతది," అని నవ్వేవాడు.

ఒక ఆదివారం ఆమె చిన్న సీసా ఒకటి ఇంటికి తెచ్చింది. అందులో నీళ్ళు దానిమ్మ రసంలా ఎర్రగా ఉన్నాయి. వేరే రసాయనాలేవీ వాడకుండా ఉసిరికాయ రసంతోనే బంగారాన్ని ఆ రూపానికి తెచ్చానని చెప్పింది. మా ఆయన వెక్కిరించాడు.

"ఇన్నేళ్ళు చదివి ఆఖరికి ఉసిరికాయ రసమా? పచ్చడి పెట్టుంటే నలుగురూ మెచ్చుకుందురు."

"రోజంతా సంతకాలు పెడతావు కదన్నయ్యా, నిన్నెవరు మెచ్చుకున్నారేటి?"

గాజు గ్లాసులో కొంచెం ఎర్రనీళ్ళు పోసి, వంటింట్లోంచి ఉప్పు తెమ్మంది. ఉప్పునీళ్ళు పడగానే ఎరుపు ఊదాకి తిరిగింది. చూస్తుండగానే నీలమైంది.

"చూసావా వదినా? ఎర్రగా ఉన్నంతసేపూ రేణువులు దేనికది విడిగా ఉన్నట్టు. ఊదాకి తిరిగితే ముద్దకట్టడం మొదలైనట్టు. అప్పటికింకా కొన్ని మిగిలుంటాయి. నీలమైపోతే ఇంకేటీ చెయ్యలేం."

"మళ్ళీ విడదీయలేవా?"

"పెరుగుని మళ్ళీ పాలు చెయ్యమంటావేటి?"

ఆ సంవత్సరమే వాళ్ళ సంస్థలో పర్మినెంటు పోస్టుకి ప్రకటన వచ్చింది. ఎంతో కాలం తర్వాత వచ్చింది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆమెకు వయోపరిమితి ఆ ఒక్కసారికే సరిపోతుంది. ఇంటర్వ్యూకి వెళ్ళేలోగా చేతిలో ఒక పెద్ద పరిశోధన పత్రం ఉండాలి. ఉసిరి రసం మీద రాసిన పత్రాన్ని విదేశీ జర్నల్ ఒకటి దాదాపు ఒప్పుకుంది, ఒక్క ప్రశ్న మిగిల్చి. మీ రేణువులు ఏడాది గడిచినా ముద్దకట్టవని రాశారు, ఏడాది నాటి సీసాలోవి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫొటో తీసి చూపించండి అని.

అలాంటి సీసా ఆమె దగ్గర ఒకటే ఉంది. మొట్టమొదట చేసినది. చీకటి బీరువాలో దాచి, మూత కూడా తీయకుండా ఏడాదిగా కాపాడుకుంటోంది. తడికి కాగితం చీటీలు ఊడిపోతాయని దెబ్బలకి వేసే ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద తేదీ రాసేది. మా ఇంట్లో పచ్చడి జాడీల మీద కూడా ఆమె అంటించిన ప్లాస్టర్లే ఉండేవి.

మైక్రోస్కోపు వాళ్ళ సంస్థలోనూ ఉంది. కొత్తది. కొనడానికి డబ్బు మంజూరైంది కాని నడిపే మనిషికి పోస్టు మంజూరు కాలేదు. అందుకని ప్లాస్టిక్ ముసుగు కింద ఊరికే కూర్చుంది. ఊరికి ఆ చివర ఇంకో సంస్థలో ఉన్నదాని కోసం ఆమె నెలల తరబడి వంతు కాసింది. చివరికి వంతు వచ్చింది. ఆమె పనిచేసే సంస్థలో నానో కేంద్రం ప్రారంభోత్సవం జరిగిన మర్నాడు.

ప్రారంభోత్సవం రోజు ఆమె వంతు ఖాయం చేసుకోవడానికి ఆ రెండో సంస్థకి వెళ్ళింది. పని అయిపోయాక తిన్నగా ఇంటికొచ్చి మా ఆఫీసుకి ఫోన్ చేసింది. "వదినా, రేపు పొద్దున్నే మొదటి వంతు నాదే. వస్తూ ఏదైనా మిఠాయి తే." ఆమె గొంతులో అంత ఉత్సాహం విని చాలా కాలమైంది.

అప్పటికి నేను సిటీ పేజీ చూస్తున్నాను. సాయంత్రం ప్రారంభోత్సవం ఫొటోలు నా కంప్యూటర్ మీదికి వచ్చాయి. ఒకదానిలో వాళ్ళ విభాగాధిపతి ఎర్రనీళ్ళ సీసా పట్టుకుని ముఖ్య అతిథికి ఏదో చెబుతున్నాడు. రెండోదానిలో అదే సీసా నీలంగా ఉంది. అతిథి చప్పట్లు కొడుతున్నాడు. ఉప్పుతో రంగు మారిన బంగారం అని మా విలేకరి వ్యాఖ్య రాసి పంపాడు. సీసా మీద ప్లాస్టర్ ముక్క కనపడింది. ఫొటో పెద్దది చేశాను. తేదీ పోయిన ఏడాదిది. రాత మా పచ్చడి జాడీల మీదిదే.

ఇంటికి ఫోన్ చేశాను.

"మిఠాయి కొన్నావా?" అంది.

ఫొటోలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ప్లాస్టర్ సరిగ్గా చూసావా వదినా?"

"చూశాను. నీ రాతే."

"నీలంగా ఉందా, ఊదాగా ఉందా?"

నేను మళ్ళీ తెరవైపు చూశాను. ఊదా అని చెప్పగలనేమోనని చూశాను.

"నీలమే."

"సరే, ఉంటాను," అని పెట్టేసింది.

ఆ ఫొటోలు మర్నాడు రంగుల్లో అచ్చయ్యాయి. పేజీలో అంతకంటే మంచి ఫొటో లేదు.

జరిగిందేమిటో మర్నాడు ఆమె వచ్చి చెబితే తెలిసింది. అతిథి ఎదుట అప్పటికప్పుడు బంగారు ద్రవం కాచి చూపిద్దామనుకున్నారట. సమయానికి కరెంటు పోయింది. జనరేటరు మైకులకి, ఫ్యాన్లకే కలిపి ఉంది, ద్రవం కాచే కరెంటు పొయ్యికి లేదు. విభాగాధిపతి బీరువా తెరిచాడు. నాలుగైదు ఎర్ర సీసాలున్నాయి. మిగతావి ఈ నెలవి, పనిలో ఉన్నవేమో, పాడుచేయకూడదని జాగ్రత్తపడ్డాడు. ఒక్కదాని మీద మాత్రం పోయిన ఏడాది తేదీ ఉంది. పాతదే కదా, పారబోసేదే అనుకుని దాన్ని తీశాడు.

"కోపంగా అరిచుంటే బాగుండును వదినా. 'ఏమ్మా, నీ చేతిలో పనే కదా, మళ్ళీ చేసెయ్' అన్నారు. చేస్తాను సార్, అది పాతదవడానికి ఏడాది పడతాది అన్నాను. అప్పుడు అర్థమైంది ఆయనకి. కుర్చీలో కూర్చుండిపోయారు. ఇంక ఆయన్నేమనను?"

నాకు మాత్రం ఆయనను అనాలనే ఉండింది. ఎవరిని అనాలో సరిగ్గా తేలకపోవడమే ఎక్కువ చిరాకు. మైక్రోస్కోపు కొని మనిషిని ఇవ్వనివాళ్ళనా, మైకులకి కరెంటు ఇచ్చి పొయ్యికి ఇవ్వనివాళ్ళనా, చప్పట్లు కొట్టినవాళ్ళనా?

వంతు వదులుకోలేక ఆమె కొత్త సీసాలోవే తీసుకెళ్ళి ఫొటోలు తీయించింది. బాగానే వచ్చాయి, కాని మేమడిగింది ఇవి కాదని జర్నల్ వాళ్ళు తిప్పి పంపారు. ఇంటర్వ్యూలో పత్రం ఏదని అడిగారు. పరిశీలనలో ఉందంది. పోస్టు ఇంకొకరికి వచ్చింది. ఆ వేసవిలో ఆమె వయోపరిమితి దాటింది. విభాగాధిపతి తనకు చేతనైన మేలు చేశాడు. కాంట్రాక్టు మరో ఏడాది పొడిగించాడు.

ఆమె ఇంకో సీసా చేసి, తేదీ రాసి, ఈసారి మా ఇంటికే తెచ్చింది. బట్టల అల్మరాలో చీరల వెనక పెట్టింది. మా ఆయన దాని జోలికి వెళ్ళలేదు, ఒక్క హాస్యమూ ఆడలేదు. ఇంటాయన మాత్రం అద్దె కోసం పైకి వచ్చినప్పుడల్లా అడిగేవాడు. "ఏందమ్మా, ఇంకా ఎర్రగనే ఉన్నదా?"

"ఉంది అంకుల్."

"మరి నౌకరి?"

దానికి ఆమె మంచినీళ్ళు ఇచ్చేది.

ఏడాది నిండింది. నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. మళ్ళీ వంతు కాసి, ఒక్క చుక్కతో ఫొటోలు తీయించి, సీసాని మళ్ళీ చీరల వెనకే పెట్టింది. ఫొటోలు పంపితే జర్నల్ ఒప్పుకుంది. పత్రం అచ్చయింది. ఆనవాయితీ ప్రకారం చివర విభాగాధిపతి పేరు కూడా ఉంది. అచ్చు ప్రతి వచ్చేనాటికి కాంట్రాక్టు ముగిసి, ఆమె ఊరి చివర యాప్రాల్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకి రసాయన శాస్త్రం చెబుతోంది. ఆ పిల్లలంతా కంప్యూటర్ల వైపు పోయేవాళ్ళే. ఈ సబ్జెక్టు గట్టెక్కితే చాలు వాళ్ళకి.

ఒక సాయంత్రం విభాగాధిపతి ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకరు గట్టిది, పక్కనున్న నాకూ వినపడింది. నానో కేంద్రానికి మళ్ళీ ఎవరో అతిథి వస్తున్నారట. పోయినసారి రంగు మార్చింది అందరికీ బాగా నచ్చింది. ప్రయోగశాలలో ఇప్పుడున్న పిల్లలకి అంత చక్కటి ఎరుపు రావడం లేదట.

"నీ దగ్గర ఒక సీసా ఉందటగా అమ్మా. పంపగలవా? పాతదైనా పర్లేదు."

ఆమె అల్మరా వైపు చూసింది.

"సీసా పంపలేను సార్," అంది. "ఉప్పు కావాలంటే ఎంతైనా పంపిస్తాను."

ఫోన్ పెట్టేసి వెళ్ళి అల్మరాకి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. కింద సాయంత్రం బ్యాచ్ పిల్లలు చెప్పులు విప్పుతున్నారు.