గీకేసిన నంబరు

పాత ఎనామిల్ రంగును కిరోసిన్‌తో తడిపి బ్లేడుతో గీకితే ఒక ఘాటైన వాసన వస్తుంది. మొన్న మా షెడ్డులో ఎవరో పాత నీళ్ల ట్యాంకు గీకుతుంటే ఆ వాసన నా టేబుల్ దాకా వచ్చింది. తాగుతున్న టీ పక్కన పెట్టేశాను. పాత వాసనలు తగిలితే కొందరికి కళ్లు చెమరుస్తాయట, నాకు ఒళ్లు మండుతుంది. ఐలయ్య కాక చనిపోయి ఏడాది దాటింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా సూరత్ తెలుగువాళ్లు అడుగుతున్నారు. మంచి మాటలకేం, బోలెడున్నాయి. కానీ కూర్చుని రాయబోతే ముందు కోపమే వస్తోంది. ఆయనను పంపేసిన శేఠ్ మీద కోపం, నోరు విప్పని ఆయన మీద కోపం, అందరికంటే ఎక్కువ నా మీద కోపం.

కామ్‌రేజ్ దగ్గర హైవే పక్కన పాత బండ్లు కొని బాగుచేసి అమ్మే శేఠ్ ఒకాయన ఉండేవాడు. నేను డిప్లొమా ముగించి, రెండు మూడు చోట్ల పనిచేసి, ఆయన షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేరేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. అక్కడ పెద్ద మేస్త్రీ ఐలయ్య కాక. మా నాన్నలాగే ఆయనా మరమగ్గాల పని కోసం సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాడే. ఆ చప్పుడు పడక వెల్డింగ్ నేర్చుకున్నాడు, మిలిటరీ బండ్లకు మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. నేను చేరిన మొదటిరోజే ఒక పాత గేర్‌బాక్సు చూపించి అది ఏ బండిదో చెప్పమన్నాడు. తెలియకపోయినా డిప్లొమా పరువు కాపాడాలని ఏదో ఒక పేరు చెప్పాను.

"తెల్వకపోతే తెల్వదను బిడ్డా. నోటికొచ్చింది చెప్తే రేపు గా బండి నడిరోడ్డు మీద ఆగుతది," అన్నాడు. అందరి ముందూ అన్నాడని వారం రోజులు ఆయన మీద గుర్రుగా ఉన్నాను.

ఒకరోజు లారీ మీద రెండు చక్రాల ట్రెయిలర్ ఒకటి వచ్చి దిగింది. మిలిటరీవాళ్లు ఇక అక్కర్లేదని వేలంలో అమ్మేసింది. ఎన్నో చేతులు మారి శేఠ్ దగ్గరికి చేరేసరికి కాగితాలు పోయాయి, టైర్లు పోయాయి, ఒంటి నిండా నీలం రంగు, లోపల కోళ్ల ఈకలు. వివరాల రేకు ఉండాల్సిన చోట నాలుగు రివెట్ రంధ్రాలు మిగిలాయి. శేఠ్ మాత్రం అప్పటికే అడాజన్‌లో ఒకాయనకు ఫోన్ చేసి, యుద్ధంలో బాంబులు మోసిన బండి దొరికిందని, ఆయన పాత జీపు వెనక తగిలించుకుని వెళ్తే జనం ఆగి చూస్తారని చెప్పేశాడు.

కాక ఆ మాట పట్టించుకోకుండా ట్రెయిలర్ దగ్గరికి నడిచాడు. పక్క రేకు మీద అరచేతి మేర కిరోసిన్ రాసి, బ్లేడుతో ఒక్కో పొర తీశాడు. నీలం కింద ముదురాకుపచ్చ, దాని కింద మట్టి రంగు, దాని కింద మళ్లీ ఆకుపచ్చ. తర్వాత లోపలికి ఎక్కి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేలరేకు మధ్యలో నాలుగు పెద్ద బోల్టు రంధ్రాలు, వాటి చుట్టూ రబ్బరు మరకలు, ఒక మూల ఎంత తుడిచినా పోని డీజిల్ జిడ్డు. పక్క గోడలో గుండ్రంగా కోసి మళ్లీ అతికిన చోటు ఒకటి ఉంది. అక్కడ వేలు పెట్టి రుద్ది నాకు చూపించాడు. మసి.

"బాంబులు లేవు, ఏం లేవు. దీని మీద జెనరేటర్ కూసుండె. ఈడికెల్లి పొగ బయటికి పోయేది. లైట్లు ఎలిగిచ్చిన బండి ఇది," అన్నాడు.

శేఠ్‌కు చెబితే విసుక్కున్నాడు. జెనరేటర్ మోసిన బండిని ఎవడు చూస్తాడు? తర్వాత జీపుకు తగిలించే ముందు భాగంలో, ఇనుప దూలం మీద, తుప్పు కింద అంకెలు కొట్టి ఉన్నట్టు కాక కనిపెట్టాడు. చదవడానికి రాలేదు. ఆ నంబరు తెలిస్తే మిలిటరీ డిపోకు రాసి నకలు కాగితాలు తెప్పించవచ్చు, అవి లేకుండా బండి రోడ్డెక్కదు. నెమ్మదిగా శుభ్రం చేయాల్సిన పని కదా, వచ్చాక చూద్దామని శేఠ్‌తో చెప్పి చెల్లెలి కూతురి పెళ్లికి నాలుగు రోజులు ఊరికి వెళ్లాడు. ఆ నంబరు ఎందుకో నాకు మాత్రం చెప్పలేదు.

ఇక్కడ మా మగ్గాల ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సెకండ్‌హ్యాండ్ మగ్గం కొని తెస్తే, మొదట దాని మీదున్న పాత కార్ఖానా నంబరు గీకేస్తాం. పాత యజమాని నష్టం మన ఇంటికి రాకూడదని. ఆ తర్వాతే పసుపు కుంకుమ పెట్టి, మన నంబరు రాసుకుని, స్విచ్ వేస్తాం. మా నాన్న ప్రతి మగ్గానికీ అలాగే చేసేవాడు, ఆ గీకే పని నాదే. శుక్రవారం ఉదయం ట్రెయిలర్‌కు చక్రాలు బిగించాం. కాక వచ్చేసరికి పూజ కూడా అయిపోతే సంతోషిస్తాడనుకున్నాను. గ్రైండర్ తీసుకుని ఆ దూలాన్ని అద్దంలా చేశాను. బొట్టు కూడా పెట్టాను. డిప్లొమా చదివినదాన్ని నేను.

సోమవారం కాక వచ్చి ఆ మెరుపు చూసి అక్కడే నిలబడిపోయాడు. చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టి, ఇనుము మీద బొటనవేలు అటూ ఇటూ రాశాడు.

"ఇది మగ్గమా? ముట్టేముందు ఎవలనన్న అడుగుతరా, అడుగరా? చెయ్యి ఊకుంటలేదా నీకు?" అని అరిచాడు. ఆయన అరవగా వినడం నాకు అదే మొదటిసారి, అదే చివరిసారి.

నాకూ పౌరుషం వచ్చింది. "నువ్వు చెప్పలే గద కాక, దాని జోలికి పోవద్దని," అన్నాను.

ఆయన బొటనవేలు ఇనుము మీదే ఆగింది. సరిగ్గా అప్పుడే శేఠ్ వచ్చాడు. మెరిసే దూలం చూసి ఎవరు చేశారని హిందీలో అడిగాడు. నేను వంగి చక్రం తుడవసాగాను. చేరి అప్పటికి ఏడు నెలలు. షెడ్డులో ఆడమనిషిని పెట్టుకోవడమే తప్పని శేఠ్ రోజుకోసారి అనేవాడు.

"నేనే," అన్నాడు కాక.

శేఠ్ పెద్దగా కోప్పడలేదు. ఇనుము మీద అంకెలు కొట్టే పంచ్‌ల పెట్టె తెప్పించి, ఏవో పది అంకెలు కొట్టెయ్యమన్నాడు, మిగతాది తన మనుషులు చూసుకుంటారన్నాడు. కాక పెట్టె మూత కూడా తియ్యలేదు. "ఇనుము మీద అబద్ధం కొట్ట, శేఠ్," అన్నాడు. తప్పు చేసినవాడివి నువ్వే, నీతులు చెప్పేవాడివీ నువ్వేనా అని శేఠ్ రేగిపోయాడు. పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మేస్త్రీని పావుగంటలో గేటు దాటించాడు. నేను పంచ్‌ల పెట్టె పక్కనే, దాన్ని కాపలా కాస్తున్నదానిలా నిలబడి ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం, శేఠ్ లేని సమయం చూసి కాక వచ్చాడు. ట్రెయిలర్ కింద వెల్లకిలా పడుకుని, ఇరుసు బ్రాకెట్ దగ్గర రెండు గంటలు కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. మిలిటరీవాళ్లు కొన్ని బండ్లకు రెండు చోట్ల నంబరు కొడతారట. దొరికింది. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలాయి. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "శేఠ్‌కియ్యి. నువ్వే ఎతికినవని చెప్పు," అని వెళ్లిపోయాడు. ఇచ్చాను. ఎవరు వెతికారో చెప్పలేదు. కాగితాలు వచ్చాయి, ట్రెయిలర్ బాంబుల బండిగానే అడాజన్ వెళ్లింది. నా జీతం పెరిగింది. మేస్త్రీకి చూపు పోయిందని, నంబర్లు గీకేస్తున్నాడని శేఠ్ చుట్టుపక్కల షెడ్లన్నిటికీ చెప్పాడు.

ఎవరూ పని ఇవ్వలేదు. రెండేళ్ల తర్వాత రింగ్ రోడ్డులో, బట్టల మార్కెట్ మెట్ల మీద, వీపు మీద చీరల మూటతో ఎదురుపడ్డాడు. నన్ను చూసి మూట దించాడు.

"గా ట్రెయిలర్ బ్రేకులు సరిగ్గ వడుతున్నయా?" అని అడిగాడు.

"ఎందుకు నీ మీదేసుకున్నవ్ కాక?" అన్నాను. ఏడుపు రాలేదు, ఆయన చొక్కా పట్టుకుని ఊపాలనిపించింది.

"నువ్వు మగ్గాల ఇంట్ల పుట్టినవ్. ముందుగాల నంబరే గీకుతవని నాకు యాదికుండాలె. చెప్పకపోవుడు నా తప్పే గద," అని మూట ఎత్తుకున్నాడు.

ఆయన దినాలనాడు శేఠ్ కూడా వచ్చాడు. గొప్ప పనివాడు, పాపం చివర్లో చూపు తగ్గి ఒక బండి నంబరు గీకేశాడు, లేకపోతే నేను వదులుకునేవాడినా అని నలుగురిలో చెబుతున్నాడు. నలుగురూ తలలూపుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. "ఆ నంబరు గీకింది నేను," అని తెలుగులో ఒకసారి, శేఠ్‌కు అర్థమయ్యేలా హిందీలో ఒకసారి చెప్పాను. రెండో నంబరు ఎవరు వెతికారో కూడా చెప్పాను.

"ఇప్పుడు ఎందుకమ్మా అదంతా," అన్నాడు శేఠ్.

జవాబు చెప్పబోతుంటే గోడకు ఆనుకుని కూర్చున్న కాక భార్య లచ్చవ్వ తల ఎత్తింది. "ఇంట్ల కూడ నేనే గీకిన అన్నడు," అంది. కాసేపు చీర కొంగు మడతలు చూసుకుంది. "ఏడేండ్లు తిట్టిన బిడ్డా. మూట మోసుకొని వచ్చిన పొద్దల్లా తిట్టిన. కండ్లు ఏడవెట్టుకొని పనిచేసినవని తిట్టిన. అన్నం వెట్టుకుంట తిట్టిన."

ఇనుము మీద అబద్ధం కొట్టనన్న మనిషి కట్టుకున్న భార్యకు ఏడేళ్లు అబద్ధం చెప్పాడు. ఆమె ముందు కూర్చుని, ఆ తిట్లు నన్ను తిట్టమని అడిగాను. ఆమె తిట్టలేదు. ఇప్పటికీ నెలకోసారి ఆమె ఇంటికి వెళ్తాను, ఆమె అన్నం పెడుతుంది. ఏమైనా అంటుందేమోనని తిన్నంతసేపూ ఎదురుచూస్తాను. ఇంకొంచెం వేసుకో బిడ్డా అంటుంది, అంతే.