గిఫ్ట్ అంటే విషమండీ!

అమెరికాలోని మోరిస్‌విల్ తెలుగు చర్చిలో రత్నరాజు గారి ముందు ‘గిఫ్ట్’ అన్న మాట ఒకసారి ఎత్తినవాడు మళ్లీ ఎత్తడు. రిటైరైన కెమిస్టు ఆయన. ఎవరింట పుట్టినరోజైనా గుమ్మంలో నిలబడి, రంగుల సంచీలతో వచ్చేవాళ్లందరికీ క్లాసు పీకుతారు.

జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం. హాంబర్గులో ఆయన ఒక డబ్బా మీద ఆ మాట చూసి భార్యకి కొనబోతే, కింద పుర్రె బొమ్మ కనిపించిందట. చెప్పిన ప్రతిసారీ ఆ పుర్రె కాస్త పెద్దదయ్యేది. మూలం ‘ఇవ్వడమే’నట, ఇంగ్లీషువాళ్లు ఇచ్చింది కానుకయింది, జర్మన్లు ఇచ్చింది మందు మోతాదై, ముదిరి విషమయింది. ఇక స్వీడన్‌లో గిఫ్ట్ అంటే విషమూ అవును, పెళ్లయిన మనిషీ అవును.

“ఆ భాష కట్టినవాడికి పెళ్లయి ఉంటుంది,” అనేవారు ఆయన భార్య జోసఫిన్ ఆంటీ.

నవోమికి ఇదంతా నవ్వులాటే, భర్త వినయ్ కుమార్ ఉద్యోగం పోయేదాకా. ఆ తర్వాత రెండు నెలలుగా ఆమె ఏ గడపా తొక్కలేదు. వట్టి చేతులతో ఎలా వెళ్లడం? ఆంటీ డెబ్బయ్యో పుట్టినరోజుకి కూడా జ్వరమని మెసేజ్ పెట్టేసింది. వెంటనే రత్నరాజు గారి ఫోన్.

“జ్వరం ఎవరికమ్మా?”

“నాకే, అంకుల్.”

“వినయేమో తనకని పెట్టాడు. ఎవరికో మీలో మీరు తేల్చుకుని, ఇద్దరూ వచ్చేయండి.”

వెళ్లక తప్పలేదు. గుమ్మంలో ఆయన సంచీలన్నిటినీ గరాజ్‌లోకి తోలుతున్నారు, ఎలుకలకి పనికొస్తాయని. నవోమి చేతులు చున్నీలో దాచుకుంది. ఆయన అందరివైపు తిరిగారు.

“చూశారా? ఇంతమందిలో మా ఆవిడని చంపాలని రానివాళ్లు వీళ్లిద్దరే. ముందు వీళ్లకి ప్లేట్లు పెట్టండి.”

అందరూ గొల్లుమన్నారు. ఒకాయన తన సంచీని వీపు వెనక దాచుకున్నాడు. నవోమికీ నవ్వొచ్చేసింది.

వంటింట్లో ఆంటీ మెల్లగా చెప్పారు. “హాంబర్గూ లేదు, పాడూ లేదమ్మా. ఈయన జర్మనీ మొహమే చూడలేదు. అమెరికా వచ్చిన ఏడాదే ఈయన ఉద్యోగం పోయింది. ఒకరి పుట్టినరోజుకి వెళ్లి, చేతిలో ఏమీ లేదని కారు దిగకుండానే వెనక్కొచ్చేశాం. ఆ వారమే లైబ్రరీకి వెళ్లి ఈ మాట పట్టుకొచ్చాడు.”

బయల్దేరేటప్పుడు రత్నరాజు గారు నవోమి చేతుల్లో బరువైన అల్యూమినియం ట్రే ఒకటి పెట్టారు.

“గిఫ్టా అంకుల్?” అంది నవోమి, కళ్లెగరేసి.

“ఛీ, బిర్యానీ,” అన్నారాయన. “ఇది ఏ దేశంలోనైనా బిర్యానీయే. మూత గట్టిగా పట్టుకో, సీటు పాడవుతుంది.”