ఏడో నెల గ్రహణం

నా కొడుకు పుట్టి నాలుగు నెలలయ్యేసరికి ఒకే ప్రశ్నకు ఊరంతటికీ జవాబు చెప్పుకున్నాను. మైదుకూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో పిల్లాణ్ణి చూడవచ్చిన ప్రతి ఒక్కరూ ముందు వాడి పైపెదవిలో చీలిక వైపు చూసేవాళ్లు, ఆ తర్వాత నా వైపు చూసేవాళ్లు.

"ఏమ్మే, గ్రహణంలో ఏం కోసినావు?"

ఏమీ కోయలేదు. కోయడానికి నా చేతికి ఏమిచ్చారు గనుక? ఏడో నెలలో సూర్యగ్రహణం వస్తే మా అత్త పొద్దున్నే నన్ను గదిలో పెట్టి, కిటికీకి గోనెపట్టా కట్టి, కత్తిపీట నుంచి సూది దాకా అన్నీ పక్కింటికి చేరవేసింది. మంచినీళ్లు తాగనివ్వలేదు, వీపు గోక్కోనివ్వలేదు. కదలకుండా పడుకోమని గడపలో తానే కాపలా కూర్చుంది. ఆమె పక్కన మామ బీడీ మీద బీడీ కాలుస్తుంటే పొగంతా నా గదిలోకే వచ్చింది. దానికి మాత్రం ఏ దోషమూ లేదట.

ఇంత కాపలా కాసిన మనిషే, బిడ్డ పుట్టాక "నాకు కునుకు పట్టినప్పుడు గోరన్నా గిల్లుకొనింటావులే" అనేసింది. పిల్లాడికి అంగిట్లో కూడా చీలిక ఉంది. తాగిన పాలు సగం ముక్కులోంచి వచ్చేవి. ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోస్తూ గంటసేపు కూర్చునేదాన్ని. సిగ్గుచేటు గానీ నిజం చెబుతున్నాను, ఆ రోజు గోరు గిల్లుకున్నానేమోనని నేనే గుర్తు చేసుకోవడానికి తంటాలు పడేదాన్ని. నలుగురూ నంది అంటే నంది, పంది అంటే పంది.

పెదవికి కుట్లు వేయించడానికి కర్నూలు బయల్దేరాం. మా ఆయన శనగ కోత పనిలో ఉండటంతో అత్తా మామా తోడొచ్చారు. డాక్టరమ్మ పిల్లాడి నోట్లోకి టార్చి వేసి చూసింది. ఆమె ఏమీ అడగకముందే, "గ్రహణంలో నేనేమీ కోయలేదు మేడమ్" అనేశాను.

"గ్రహణం సంగతి నేనడిగానా?" అని ఆమె విసుక్కుంది. "షుగర్ ఉండేదా? ఫిట్స్ మాత్రలేమన్నా వాడావా? ఇంట్లో బీడీలు తాగేవాళ్లున్నారా? ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఎన్నో నెలలో మొదలుపెట్టావు?"

షుగర్ లేదు, ఫిట్స్ లేవు. బీడీలున్నాయి. మాత్రలు మాత్రం ఐదో నెలలో.

"అంతదాకా ఏం చేస్తున్నారు?"

ఏం చేస్తున్నాం? దాస్తున్నాం. మూడు నెలలు నిండకముందే కడుపుతో ఉన్నట్టు బయటికి పొక్కితే దిష్టి తగులుతుందని మా అత్త నమ్మకం. ఆశా కార్యకర్త రెండుసార్లు వచ్చి అడిగితే "మా కోడలికి ఇంగా ఏం లేదమ్మా" అని వాకిట్లోంచే పంపేసింది. తర్వాత మాత్రలు ఇంటికొచ్చినా, బిడ్డ లావైతే కాన్పు కష్టమని నెల రోజులు గూట్లో పెట్టించింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? సరే అత్తా అని తలాడించాను.

"పెదవి కలిసేది రెండో నెలలోనమ్మా. అంగిలి మూడో నెలకల్లా కలుస్తుంది. ఏడో నెలలో సూర్యుడికి ఏమైతే మనకేంటి?" అంది డాక్టరమ్మ. "ఇదొక్కటే కారణమని వేలుపెట్టి చూపలేం. మాత్రలు వేసుకున్నవాళ్లకూ ఒక్కోసారి ఇట్లా పుడతారు. నువ్వేదో చేసినందుకు వచ్చిందని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపించు. ఇంతకీ మీ వంశంలో ఎవరికన్నా ఉందా?"

"మా వంశంలో యాడా లేదమ్మా" అంది అత్త, నా వైపు చూస్తూ.

గోడవారన నిలబడ్డ మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత వేళ్లతో మీసం పైకెత్తాడు. ముక్కు కింది నుంచి పెదవి దాకా పాత కుట్ల గీత.

"నాకుండాది మేడమ్. చిన్నప్పుడు ఈ ఊర్లోనే కుట్లేసినారంట."

"ఎద్దు కొమ్ము తగిలిందంటివి కదా!" అంది అత్త. ముప్పై ఐదేళ్ల కాపురం వాళ్లది. గుడ్లప్పగించి ఆయన్నే చూస్తూ అడిగింది. "అయితే మీయమ్మ గ్రహణంలో ఏం కోసిందంట?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

వరండాలోకి వచ్చాక నాకు అత్త మీద కన్నా మామ మీదే ఎక్కువ మండింది. అత్తకు తెలియదు. ఈయనకు తెలుసు.

"నాలుగు నెల్లు అందరూ నన్ను అంటాంటే నోరు మూసుకొని ఎట్లుంటివి మామా?"

"మాయమ్మను సచ్చేదాకా ఆ మాటే అన్యారమ్మా. ఇప్పుడు చెప్తే మల్లా ఆయమ్మనే అంటారని..."

"ఆయమ్మ పోయి ఇరవై ఏండ్లాయ. నేను బతికే ఉండా మామా."

ఆయన తల దించుకున్నాడు. జాలేసింది. జాలిపడాల్సి వచ్చినందుకు నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆపరేషన్ తేదీ రాయించుకుని బస్సెక్కాం. నంద్యాల దాటాక పక్క సీట్లో ఉన్న ఆమె పిల్లాడి మీది గుడ్డ తొలగించి చూసి "అయ్యో, గ్రహణంలో ఏం కోసినావు తల్లీ?" అంది. నేను నోరు తెరిచేలోపే ముందు సీట్లోంచి మామ వెనక్కి తిరిగాడు.

"మా కోడలు ఏం కొయ్యలేదమ్మా. నా మనవనికి నా పోలికొచ్చింది" అన్నాడు, బస్సులో సగం మందికి వినపడేట్టు.

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ ఒక్క మాట పురిటి మంచం దగ్గరే అనుంటే ఆయన సొమ్మేం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.