పెట్టేసినా తెగని లైను

మా కంప్యూటర్ సార్ పోయారు. మొన్న పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో ట్యూషన్ పిల్లలకు లెక్కలు చెబుతూ చెబుతూనే కుర్చీలో ఒరిగిపోయారట. ఏ పేపర్లోనూ ఒక్క ముక్క రాలేదు. అందుకే నేను రాస్తున్నాను.

చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ పాఠం చెప్పేవారు. అర్థం కాలేదంటే పదిసార్లయినా చెప్పేవారు గాని, అర్థమైందని అబద్ధమాడితే వీపు విమానం మోతే. "తలుపుకు తాళమేసి మురవకుర, గోడ గూడ తట్టి చూడు" అనేవారు.

మా కాలేజీ కంప్యూటర్‌ మీద సార్ ఇంటినుంచి ఫోన్ ద్వారా పనిచేసేవారు. ఎవరైనా ఫోన్ చేసి పాస్‌వర్డ్ ఇస్తే, అది ఆ ఫోన్ పెట్టేసి, సార్ ఇంటి నంబరుకు తానే తిరిగి చేసేది. పాస్‌వర్డ్ దొరికినా దొంగ లోపలికి రాలేడని అందరి ధీమా. అలాంటిది, నేను ఫైనలియర్‌లో ఉండగా నావీ, మరికొందరివీ మార్కులు ఉన్నట్టుండి పెరిగాయి. కంప్యూటర్ తిరిగి ఫోన్ చేసింది సార్ ఇంటికేనని తేలింది. రోజూ ఆయన ఇంటికి పోయివచ్చే ప్రియ శిష్యుణ్ణి కదా, కాలేజీవాళ్ళు ముందు నన్ను పట్టుకున్నారు. డిబార్ చేస్తామన్నారు. ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియక అన్నం మానేశాను.

నన్ను ఆఫీసు గదిలో నిలబెట్టి ఉండగా, సార్ కాలేజీ ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్ళి ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేశారు. "పెట్టేసి, మా ఇంటికి చెయ్యుండ్రి" అన్నారు. ప్రిన్సిపాల్‌గారు రిసీవర్ పెట్టి, మళ్ళీ ఎత్తి, నంబరు తిప్పారు. పలికింది సారే, గొంతు నాకూ వినబడింది.

"నేనింకా మందుల షాపులనే ఉన్న. మన ఊళ్ళ ఫోన్ చేసినోడు పెట్టకుంటే లైను తెగదు. దొంగ ఫోన్ పెట్టకుండ పట్టుకుంటే, మా ఇంటికే చేసిన్ననుకొని మిషన్ గూడ గిట్లనే మోసపోయింది సార్."

సార్ తిరిగొచ్చాక ప్రిన్సిపాల్‌గారు అడిగిందొకటే. "ఇంత ఉపాయం తెలిసినోళ్ళు, మీరే ఎందుకు చేసుండగూడదు?"

ఒళ్ళు మండిపోయింది నాకు. సార్ మాత్రం, "నేను నౌకరి ఇడిసి పోత. పిలగాణ్ణి పరీక్ష రాయనియ్యుండ్రి" అన్నారు. బయటికొచ్చాక ఏడ్చాను.

"మీరు పోతే మీరే చేసిన్రంటరు సార్."

"అననీ. ముందు నీ సర్టిఫికెట్ తెచ్చుకో. నా సంగతి తర్వాత సూద్దాం."

ఆ 'తర్వాత' రానేలేదు. సార్ తప్పేమీ లేదని చెప్పడానికి నేను తట్టని తలుపు లేదు. ఎక్కడికి పోయినా కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, పంపించేశారు.

నిన్న సమాధుల తోటలో ఆయన పాత కొలీగ్ ఒకాయన నా పక్కనే నిలబడ్డారు. "మంచోడే పాపం, ఆ మార్కుల పని చెయ్యకుంటే" అన్నారు. మందుల షాపు సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని నా భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వట్లనే అంటవు బిడ్డా. పెరిగినయి నీ మార్కులే గద."

ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేసి వెళ్ళిపోతున్నారు. నా వంతు వచ్చింది. పాస్టర్‌గారు రెండుసార్లు పిలిచారు. మట్టి పట్టుకున్న నా పిడికిలి ఎంతకూ తెరుచుకోలేదు.