పరీక్షించిన అయిదుగురు

కోవిడ్ తర్వాత చిప్పుల కరువు వచ్చిన ఏడాది నేను గవర్నర్‌పేటలోని ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ప్రిన్సిపల్ ఇంజనీరుగా ఉన్నాను. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచి, తగ్గగానే ఏరేటర్లను తిప్పే పెట్టెలు మేము తయారుచేసేవాళ్లం. ఏరేటర్లు సమయానికి తిరగకపోతే నెలల తరబడి పెంచిన పంట ఒక్క పూటలో చచ్చి తేలుతుంది. ఆ పెట్టెలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌కూ బోర్డు మీది ఒక్కో చిప్పుకూ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. కెర్నెల్ మార్పులకు తుది ఆమోదం నాది.

ప్రాసెసరుకు సరైన వోల్టేజీ అందించే రెగ్యులేటర్ చిప్పు ఆ ఏడాది దొరకలేదు. దాని తయారీదారే కొత్తది ఇచ్చాడు. ఆకారం ఒకటే, కాళ్లూ అవే. అయితే డ్రైవరు ఈ చిప్పులకు వోల్టేజీ చెప్పదు, మెట్టు నంబరు చెబుతుంది. రెండింటిలోనూ మెట్లు ఆరువందల మిల్లీవోల్టుల దగ్గరే మొదలవుతాయి, కానీ పాతదానిలో మెట్టుకు పన్నెండున్నర మిల్లీవోల్టులు, కొత్తదానిలో పది. ఈ సంగతి చిప్పుతో తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, డేటాషీటులో స్పష్టంగా ఉంది. డేటాషీటు చదవడం మా ప్రాజెక్టు మేనేజరు ప్రభాకర్ గారి హోదాకు తగిన పని కాదు. "పాతదానికి తమ్ముడేనండీ, పేరు చేర్చేస్తే సరిపోద్ది" అని తేల్చేశారు. డ్రైవరులో ఒక్క వరుస చేర్చి, పాతదాని లెక్కనే కొత్తదానికీ అంటగట్టారు.

కెర్నెల్ మార్పు అడుగున పరీక్షించినవారి పేరు రాయడం మా వృత్తిలో ఆచారం. బోర్డు మీద నడిపి, కొలిచి చూశానని ఆ పేరుకు అర్థం. నా దగ్గరికొచ్చిన మార్పు కింద అయిదు పేర్లున్నాయి. ఏం కొలిచారని ఒక్కొక్కరినీ అడిగాను. ఒకాయన పక్కాయన చూశాడనుకున్నాడు, ఆ పక్కాయన ఇంకొకరు చూశారనుకున్నాడు. చివరి ఆయన మాత్రం "స్క్రీన్ మీద ఒకటీ పాయింట్ ఒకటి వోల్ట్ అనే వచ్చిందండీ" అన్నాడు. డ్రైవరు తాను రాసిన మెట్టు నంబరునే మళ్లీ తన లెక్కతోనే వోల్టుల్లోకి మార్చి తెర మీద చూపిస్తుంది. దొంగనే పిలిచి నువ్వు దొంగవా అని అడిగి పంపేసినట్టు ఉంది వీళ్ల పరీక్ష. మల్టీమీటరు ముట్టుకున్నవాడు లేడు.

మరి ఇన్ని పేర్లెందుకని ప్రభాకర్ గారిని అడిగాను.

"ఒకరి పేరేసి ఇంకొకరిది మానేస్తే నొచ్చుకుంటారండీ. పెద్దవారు, మీదీ పైన వేయిస్తాను" అన్నారు.

శుభలేఖలో బాబాయిలనూ మేనమామలనూ అచ్చేయించే పద్ధతి మా ఆఫీసుకు అలా వచ్చింది. నా పేరు వద్దన్నాను, ఆమోదమూ ఇవ్వనన్నాను. నేనే కొలుద్దామంటే కొత్త చిప్పున్న ఒకే ఒక్క బోర్డు ఆఫీసులో లేదు. నా ఆమోదం కోసం ముహూర్తం ఆగదు కనుక, అప్పటికే దాన్ని పామర్రు దగ్గర సాంబశివరావు గారి చెరువు గట్టున బిగించి, కొబ్బరికాయ కొట్టి వచ్చారు. వెనక్కి తెప్పించమంటే, బిగించినదాన్ని విప్పడం మంచిది కాదన్నారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లే ఈ మాట అన్నది.

పని తక్కువగా ఉన్నంతకాలం ప్రాసెసరు తక్కువ వోల్టేజీతోనే నెట్టుకొచ్చింది. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. పని పెరిగి ప్రాసెసరు వేగం అందుకోబోయి, అక్కడే బిగుసుకుపోయింది. ఏరేటర్లు తిరగలేదు. పెట్టె చూసుకుంటుందన్న ధీమాతో సాంబశివరావు గారు మేత కోసం ఊళ్లోకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి పట్టుబడికి సిద్ధమైన రొయ్యలు గట్టు వారన తెల్లగా తేలి ఉన్నాయి.

మర్నాడు ఆయన పెట్టెను సంచిలో వేసుకుని ఆఫీసుకొచ్చారు. ప్రభాకర్ గారు కాఫీ తెప్పించి, తప్పు మా వైపు ఉండే అవకాశమే లేదని, అయిదుగురు పరీక్షించారని తెర మీద పేర్లు చూపించారు.

"అయిదుగురున్నారు, బానే ఉందండీ. వీళ్లలో చూసిందెవరు?" అని అడిగారు సాంబశివరావు గారు.

అయిదుగురూ ఆ గదిలోనే ఉన్నారు. ఒకాయన పక్కాయన వైపు చూశాడు, ఆ పక్కాయన ఇంకొకరి వైపు చూశాడు.

ఆయన ఎదుటే బోర్డుకు కరెంటిచ్చి, చిప్పు దగ్గర మీటరు పెట్టాను. తెర మీద ఒకటీ పాయింటు ఒకటి, మీటరులో ఒక్క వోల్టే. కొత్త చిప్పుకు దాని మెట్ల లెక్కే రాసి, కొలిచి, అడుగున నా ఒక్కడి పేరు వేశాను. టీము చిన్నబుచ్చుకుంటుందేమో, ఇంకో ఇద్దరి పేర్లైనా చేర్చమని ప్రభాకర్ గారు అప్పుడు కూడా అడిగారు. సిగ్గుకైనా ఒక హద్దుండాలి.

డ్రైవరు చెప్పేది డ్రైవరు నమ్మకం, మీటరు చెప్పేదే వోల్టేజీ అని నాకు ముందే తెలుసు. ఆ ఉదంతం నేర్పింది వేరు. పరీక్షించినవారి వరుసలో ఒక్క పేరుంటే, చెరువు పోయినవాడు వచ్చి నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. అయిదు పేర్లుంటే ఎవడూ ఉండడు.