హెస్టర్ అన్న ఒక్క మాట

ఉత్తర ఇంగ్లండులో, మా దర్హం బొగ్గుగని ఊళ్లలో, మంచిదేదైనా 'క్యానీ'యే. పులుసు క్యానీ, కుక్క క్యానీ, పెళ్లాం క్యానీ. ఇంతకు మించిన మెచ్చుకోలు మా నోట రాదు, తన్నినా రాదు. 'తెలియడం' అనే పాత మాటలోంచి పుట్టిందట. తెలిసినవాళ్లు మంచివాళ్లని మేమనుకున్నాం. ఇంగ్లండు దక్షిణాదివాళ్లేమో అదే మాటకి జిత్తులమారి అని అర్థం చెప్పుకున్నారు. వాళ్ల బుద్ధి అలాంటిది!

మా పక్కింటి హెస్టర్ రేన్ గని క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు గిన్నెలు తోమింది. పంతొమ్మిదేళ్లప్పుడు, పెళ్లి కాకుండా ఒక ఆడపిల్లని కంది. పదో రోజున దత్తతకని పిల్లని లాక్కుపోయారు. ఆ తర్వాత పెళ్లి మాటే ఎవర్నీ ఎత్తనివ్వలేదు. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆ పిల్లే, రోజలిండ్, పెద్దదై, దక్షిణాన సర్రే నుంచి వెతుక్కుంటూ వచ్చింది. హెస్టర్ ఆ పిల్లనే చూస్తూ కూచుంటే టీ నేనే పోశాను.

"మొదటిసారి నన్ను చూసినప్పుడు మీకేమనిపించింది?" అంది రోజలిండ్.

హెస్టర్ మొహం వెలిగిపోయింది. "క్యానీ అనిపించావు తల్లీ."

"క్యానీనా?"

"చాలా క్యానీ!"

ఆ పిల్ల మొహం మాడిపోయింది. రైలు వేళయిందని లేచి వెళ్లిపోయింది.

"నేనేమైనా తప్పు మాటన్నానా విన్నీ?" అని హెస్టర్ ఒకటే ఏడుపు. అప్పుడు తట్టింది నాకు, దక్షిణాదిలో పెరిగిన పిల్లకి ఆ మాట జిత్తులమారి అన్నట్టు వినిపించిందని. చెప్పాను. "ఆ పిల్లకి నువ్వే రాయవే, నాకు రాత కుదరదు" అని బతిమాలింది. నాకేమో ఒళ్లు మండింది. కన్నతల్లి మాటకి అర్థం అడిగే ఓపిక లేని దొరసానికి నేను పాఠం చెప్పాలా? "రాశాలే" అని అబద్ధమాడాను. నాలుగేళ్లు, పోస్టుమ్యాన్ వచ్చే వేళకల్లా హెస్టర్ గుమ్మంలోనే నిలబడేది. ఐదో ఏడు గుండె ఆగి పోయింది.

అప్పుడు రాశాను, పాపిష్టిదాన్ని, చావు కబురు.

రోజలిండ్ వచ్చింది. చర్చిలో ఒక్కొక్కరే ఆమె చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ క్యానీ మనిషమ్మా" అంటున్నారు. ఆ పిల్ల తట్టుకోలేక నా వైపు తిరిగింది. "పోయిన మనిషిని కూడా జిత్తులమారి అంటారేమిటండీ?"

"మంచిది అనమ్మా. పసిపాపనైతే ముద్దొస్తోంది అని. మా దగ్గర అంతకన్నా పెద్ద మాట లేదు."

"అయితే ఆ రోజు అమ్మ నన్నన్నదీ అదేనా?" అంది రోజలిండ్. "ఎవరైనా ఒక్క ముక్క రాసుంటే మర్నాడే వచ్చేసేదాన్ని కదా!" అని నా భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

వీపు నిమిరాను. నిజం చెప్పలేదు. ఇప్పుడు నెలనెలా నాకు ఉత్తరం రాస్తుంది, పిన్నీ అంటూ.