దుప్పటి కప్పిన పాటలు

శామ్‌కి కోపం రాని ఆదివారం లేదు. అదీ ప్రార్థన ముగించుకుని, కడుపునిండా తిని, మనిషన్నవాడు కాస్త నడుం వాల్చే వేళకి వచ్చేది. భిలాయి క్యాంప్ 2లో, మేడమీది గదిలో, తన చేత్తో బిగించుకున్న రెండు పెద్ద స్పీకర్ల ముందు కూర్చుని, ఆ వారం ఫోనులోకి వచ్చిన కొత్త ఆల్బం పెట్టేవాడు. ఏ దేశం వాళ్లదైనా ఫరవాలేదు. బ్లూస్ కలిసిన హార్డ్ రాక్ అయి ఉండాలి, డెబ్బైల్లో వాయించినట్టు వాయించే కొత్త బ్యాండు అయి ఉండాలి. స్వీడన్ వాళ్లని విన్నాడు, టెక్సాస్ వాళ్లని విన్నాడు, మొన్నటికి మొన్న షిల్లాంగ్ వాళ్లనీ విన్నాడు. రెండో పాట పూర్తయ్యేలోగా తిట్లు మొదలు.

"బెల్‌బాటం పేంట్లేసుకుంటే సరిపోద్దేటి? జుత్తు పెంచితే సరిపోద్దేటి? దుప్పటి కప్పి వాయించినట్టుంది. ఆ సింబల్ ఏదిరా? కొట్టేవోడు కొడతన్నాడు, మరి మోతేది?"

సింబల్స్ అంటే డ్రమ్ముల పక్కన స్టాండుకి బిగించే ఇత్తడి పళ్లేలు. అతని బాధంతా వాటి గురించే. కుర్రతనంలో క్యాసెట్ వేస్తే అవి ఛళ్లుమనేవి, ఒళ్లు జలదరించేది. పాతకాలం శబ్దం తెచ్చేశామని గొప్పలు పోయే ఈ వెధవలందరూ కూడబలుక్కుని వాటిని మింగేస్తున్నారని అతని నమ్మకం. పదేళ్లుగా వచ్చిన ఆల్బం ప్రతిదీ ఇంతేనట. ఏడాదికేడాదికీ మరీ అన్యాయమైపోతున్నాయట.

శామ్ తండ్రి ఏసురత్నం భీమిలి నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కొడుక్కి ఆ అదృష్టం పట్టలేదు. ఇరవై రెండేళ్లుగా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ప్రైవేటు మిల్లులో, ఎర్రగా కాలి వచ్చే ఊచల్ని ముక్కలు కోసే మిషను దగ్గర, ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేస్తున్నాడు. మెడలో వేలాడే గేట్ పాస్ మీద కూడా ఠేకేదారు పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇతని పేరు కళ్లు చికిలించుకుంటే గాని కనబడదు. అది చూసినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

ఇదిగో, ఆ మంట చల్లారే రోజు వచ్చింది. శామ్ దగ్గరే గిటారు నేర్చుకున్న కూతురు వెరోనికా బ్యాండు పెట్టింది. అచ్చం పాతకాలం రాక్. ప్రతిధ్వని రాకుండా గదినిండా బొంతలు వేలాడదీసి ఆరు పాటలు రికార్డు చేశారు. ఏ వాయిద్యం ఎంత వినపడాలో సరిచూసి కలిపే పని, అంటే మిక్సింగ్, శామ్‌ది. ఆల్బం అట్టమీద "మిక్సింగ్: శామ్" అని వేస్తారు. బతుకు మొత్తానికి అతని పేరు పెద్దగా పడేది అక్కడొక్కచోటే. శుక్రవారం విడుదల. ఆ స్వీడన్ వాళ్లకి, టెక్సాస్ వాళ్లకి ఇలా చెయ్యాలిరా అని చూపించాలని నెలరోజులు దాని మీదే కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వెరోనికానీ, చరోదా నుంచి వచ్చిన డ్రమ్మర్ మనోజ్‌కుమార్‌నీ కూర్చోబెట్టి మొదటి పాట పెట్టాడు. సగం కూడా కాలేదు, మనోజ్ చెయ్యి చెవి మీదికి పోయింది.

"ఏటయింది?" అన్నాడు శామ్.

"అంకుల్, బురా మత్ మానియే, ఏమీ అనుకోవద్దు," అని నసిగాడు మనోజ్. "సింబల్స్ థోడా ఎక్కువున్నాయి. స్మృతి నగర్లో నా దోస్త్‌కి స్టూడియో ఉంది. ఒకసారి వాడు చూస్తే..."

"అవును నాన్నా," అంది వెరోనికా. "చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుంది. నిజంగా నొప్పొస్తోంది."

శామ్ అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "పొద్దస్తమానం ఇయర్‌ఫోన్లు కుక్కుకుని మీ చెవులు మీరు పాడుసేసుకున్నారు. సింబల్ అంటే ఏటో మీకు తెల్దు. దుప్పటి కప్పిన పాటలినీసి అదే సంగీతం అనుకుంటన్నారు. స్మృతి నగర్ పిల్లోడొచ్చి నాకు నేర్పుతాడేటి?" కంప్యూటరుకి తగిలించిన హార్డ్ డిస్క్ పీకి, బీరువాలో పడేసి తాళం వేశాడు. "ఇది ఇలాగే ఎల్తాది. లేదంటే మీకు ఆల్బమే లేదు."

మనోజ్ మెట్లు దిగిపోయాడు. వెరోనికా మూడు రోజులు తండ్రితో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మాననీ అనుకున్నాడు గాని, అన్నం వేళకి తనే ముందు ఆమెని పిలిచేవాడు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

బుధవారం మిల్లుకి డాక్టర్ల వ్యాన్ వచ్చింది. ఏటా వస్తుంది, అందులో చెవుల పరీక్ష పాసైతేనే గేట్ పాస్ కొత్తది ఇస్తారు. హెడ్‌ఫోన్ పెట్టి ఈల శబ్దాలు వేస్తారు, వినబడగానే వేలెత్తాలి. మిల్లులో దీనికొక విద్య ఉంది. శబ్దం కోసం వినక్కర్లేదు, బటన్ నొక్కేవాడి మోచెయ్యి చూడాలి. మోచెయ్యి కదిలిందా, వేలెత్తెయ్యడమే. కొత్తగా చేరినవాళ్లకి ఈ విద్య నేర్పే గురువు శామే. ఎంతమందికి నేర్పాడో అతనికే లెక్క లేదు. ఒక్కడూ ఫెయిల్ కాలేదు.

ఈసారి వ్యాన్లో సుప్రియ అని కొత్తమ్మాయి ఉంది. కుర్చీని గోడవైపు తిప్పి కూర్చోమంది. శామ్ కూర్చున్నాడు. మొదట నాలుగైదు బొంగురు మోతలు వినిపించాయి, వేలెత్తాడు. తరువాత ఏమీ లేదు. మిషను ఆగినట్టుంది, సరిచేస్తోందనుకున్నాడు. గోడమీది తుప్పుమచ్చని చూస్తూ, వేలు సిద్ధంగా పెట్టుకుని, బుద్ధిగా ఎదురుచూశాడు. ఇంతలో ఆ పిల్ల వెనకనుంచి వచ్చి హెడ్‌ఫోన్ తీసేసింది.

"హో గయా భయ్యా."

"ఏం హో గయా? నువ్వింకా మొదలే పెట్టలేదు."

ఆమె కాగితం చూపించింది. గీత కొంతదూరం తిన్నగా వెళ్లి, గోడ దూకినట్టు కిందికి పడిపోయింది. "ఇరవై శబ్దాలు వేశాను," అంది హిందీలో, మెల్లగా. "కీచుమనే సన్నటి శబ్దాలేవీ మీకు అందడం లేదు. ఇది మిల్లు మోత వల్ల వచ్చింది, ఈమధ్య వచ్చింది కాదు. పదేళ్లయినా అయి ఉంటుంది."

"నీ మిషను పాడైంది," అని శామ్ వ్యాన్ అదిరేలా అరిచాడు. ఆమె కాగితం మడిచి అతని చేతికిచ్చింది. ఆ మర్యాదే అతనికి తలకొట్టేసినట్టయింది. దాన్ని జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. దారిపొడుగునా మిల్లుని తిట్టాడు, ఠేకేదారుని తిట్టాడు, ఆ మోచెయ్యి విద్య తనకి నేర్పిన చచ్చిపోయిన మేస్త్రీనీ తిట్టాడు. ఇంటి సందు మలుపు తిరిగాక, తను నేర్పినవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఇక తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

వెరోనికా గదిలోనే ఉంది. కాగితం ఆమె ఒళ్లో పడేసి, బీరువా తాళం తీసి హార్డ్ డిస్క్ తగిలించాడు.

"నాన్నా, ఇదేటి?"

"సదూకున్నావు గదా, సూడు." మొదటి పాట పెట్టాడు. "నా ఎదురుగా కూకో. సింబల్ గుచ్చితే వేలెత్తు. గుచ్చడం మానేస్తే దించు. నా మొహం సూసి దించావంటే ఊరుకోను."

ఆమె వేలెత్తింది. అతను కంప్యూటరులో సింబల్స్ మోత తగ్గించే మీట కిందికి లాగాడు. వేలు దిగలేదు. ఇంకా లాగాడు. అతనికి కాస్తో కూస్తో వినబడే ఆ ఛళ్లుమనే మోత మాయమైంది. అయినా వేలు దిగలేదు. పళ్లు బిగించి ఇంకా లాగాడు. పాట మీద మొత్తం దుప్పటి కప్పేసినట్టయ్యాక వెరోనికా వేలు మెల్లగా దిగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడెలాగుంది?"

"చాలా బాగుంది నాన్నా. ప్రతి దెబ్బా వినిపిస్తోంది."

శామ్ కాసేపు ఆ స్పీకర్ల వంక కొట్టేలా చూశాడు.

"మరైతే ఆ స్వీడన్ ఎదవలు కూడా బాగానే వాయించారన్నమాట," అని, ఆమె వేలు మీంచి చూపు తిప్పకుండా రెండో పాట పెట్టాడు.